వరండాలో సాలెగూళ్లు తగ్గించిన తీరు: నా అనుభవం

మా వరండా చూరుకు, గేటు దీపం చుట్టూ బూజు దులిపిన మూడో రోజుకే సాలెగూళ్లు మళ్లీ అల్లుకునేవి. కర్పూరం, వేపనూనె, పురుగుమందు పిచికారీ ఏవీ వారం దాటి పనిచేయలేదు.

చివరికి, సాలీళ్లు గూటి మధ్యకు వచ్చే చీకటి వేళ, బూజుకర్రకు తడిగుడ్డ చుట్టి, గూళ్లతోపాటు మూలల్లో దూది ఉండల్లా అంటుకున్న గుడ్ల సంచులను కూడా గీకి తీసి సబ్బునీళ్లలో ముంచాను. వాటిని వదిలేసి పైపైన దులపడమే అంతవరకు నేను చేసిన తప్పు. మరునాడు తెల్లని ఎల్‌ఈడీ బల్బు స్థానంలో, పురుగులను తక్కువగా ఆకర్షించే పసుపు కాంతి బల్బు పెట్టి, రాత్రి 10 గంటలకే ఆర్పడం మొదలుపెట్టాను. ఆహారం తగ్గడమే అసలు కారణమని నా అంచనా.

రెండు నెలలుగా వారానికొకసారి దులిపితే సరిపోతోంది. అయితే మాకు వీధిదీపం దూరం. చెరువు పక్కనో తోటలోనో ఉన్న ఇళ్లకు ఇంత ఫలితం ఉంటుందని చెప్పలేను.