హైదరాబాద్ వానల్లో కప్పలను కాళ్లు చూసి గుర్తుపట్టడం ఎలా?

జూన్‌లో మొదటి గట్టి వాన పడిన రాత్రి, హైదరాబాద్‌లో నీళ్లు నిలిచిన ఏ ఖాళీ ప్లాటు పక్కన నిలబడినా కప్పల అరుపులతో చెవులు హోరెత్తిపోతాయి. అయినా మనలో చాలామందికి అవన్నీ ఒకటే. వాటిని విడివిడిగా గుర్తుపట్టడం అంత కష్టమేం కాదు. కాకపోతే వీపు రంగును నమ్ముకోకూడదు. ఒకే కప్ప ఒకసారి లేత బూడిద రంగులో, ఇంకోసారి ముదురు గోధుమ రంగులో కనిపించొచ్చు. చూడాల్సింది కాళ్లు.

1. వేళ, చోటు

చీకటి పడ్డాక, వాన తెరిపి ఇచ్చిన గంటా రెండు గంటల్లో వెళ్లండి. దూరం పోనక్కర్లేదు. అపార్ట్‌మెంట్ పూలకుండీలు, పునాది గుంతలు, బండల మధ్య నిలిచిన నీళ్లు చాలు. చెరువు గట్టే కావాలంటే 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు ఉంది. టార్చి, బూట్లు తప్పనిసరి, పక్కన ఇంకొకరు ఉండాలి. కప్పలున్న చోటికి పాములూ వస్తాయి.

2. మొదట వేళ్లు చూడండి

వేళ్ల చివర గుండ్రటి బిళ్లలుంటే అది గోడలు, చెట్లు ఎక్కే కప్ప. వెనక కాలి వేళ్ల మధ్య పొర కొసల దాకా ఉండి, అలికిడి వినగానే నీటి మీద టపటపా గెంతుకుంటూ పోతే అది స్కిట్టరింగ్ ఫ్రాగ్, మన చెరువుల్లో మామూలుగా కనిపించేదే. మడమ దగ్గర పారలాంటి గట్టి బుడిపె ఉంటే మట్టిలో దాక్కునే రకం. అది వెనక కాళ్లతో మట్టి తోడుతూ వెనక్కి వెనక్కి దిగిపోతుంది. పొట్టి కాళ్లు, ఒళ్లంతా నల్ల మొనల బుడిపెలు ఉంటే టోడ్.

3. తొడల వెనక భాగం కోసం ఓపిక పట్టండి

అసలు రంగులు ఇక్కడే ఉంటాయి. వానాకాలంలో బాత్రూమ్ గోడకు అతుక్కుని కనిపించే చెట్టుకప్పనే తీసుకోండి. కాళ్లు ముడుచుకుని కూర్చున్నప్పుడు వెలిసిన సున్నం గోడలా ఉంటుంది. పైకి పాకడానికి కాలు చాపగానే, తొడ వెనక ముదురు గోధుమ రంగు వల మధ్యలో పసుపు చుక్కలు బయటపడతాయి. ఆ చుక్కలు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు, అది కామన్ ఇండియన్ ట్రీ ఫ్రాగ్.

ఇలా దాచుకున్న రంగులు కొన్ని కప్పల ప్రాణం కాపాడతాయని శాస్త్రవేత్తలు చెబుతారు. గెంతినప్పుడు తళుక్కుమన్న రంగు, కూర్చోగానే మాయమవుతుంది. తరుముతున్న జంతువు ఆ రంగునే వెతుక్కుంటూ తికమక పడుతుంది.

బాత్రూమ్ గోడ మీది ఆ చెట్టుకప్ప నీటికి పైన, కొమ్మకో గోడకో నురుగు గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. తోకకప్పలు కింద నీళ్లలోకి జారిపడతాయి. అంటే దానికి నీళ్లూ కావాలి, ఆ నీళ్ల మీదికి వంగిన కొమ్మో గోడో కావాలి. చెరువును 'శుభ్రం' చేసే పేరుతో గట్టు మీది చెట్లు కొట్టేస్తే నాకు కడుపు మండేది ఇందుకే.

4. రంగు చూసి పొరబడొద్దు

తొలి వానల్లో మగ బోదురుకప్ప ఒళ్లంతా నిమ్మపండు పసుపుకు తిరుగుతుంది, గొంతు సంచులు నీలంగా ఉబ్బుతాయి. అది ఎక్కడి నుంచో వచ్చిన విదేశీ కప్ప కాదు, జత కోసం పిలుస్తున్న మన కప్పే. దీని కాళ్ల మాంసం కోసం ఒకప్పుడు మన దేశం నుంచి భారీగా ఎగుమతులు జరిగేవి. 1987లో ఆపేశారు.

వాట్సాప్‌లో తిరిగే నారింజ పాదాలు, నీలి తొడల ఎర్రకళ్ల కప్ప మాత్రం మధ్య అమెరికా అడవులది. వేళ్ల మధ్య నారింజ ఎరుపు పొరలతో గాల్లో తేలుతూ దిగే మలబార్ కప్పను చూడాలంటే పశ్చిమ కనుమలకు వెళ్లాలి.

5. ముట్టుకోకుండా ఫొటో

వెనక పక్క నుంచి, నేలకు దగ్గరగా ఫోన్ పెట్టి తీయండి. ఒకటి కాళ్లు ముడిచినప్పుడు, ఇంకొకటి చాపినప్పుడు. కప్ప చర్మం దేన్నైనా పీల్చేసుకుంటుంది, కాబట్టి శానిటైజర్, దోమల క్రీమ్ రాసిన చేతులు దానికి హాని. బాత్రూమ్ నుంచి తప్పించక తప్పదంటే పైన ఒక డబ్బా బోర్లించి, కింద నుంచి అట్టముక్క దూర్చి, కుండీల దగ్గర వదిలేయండి. ఫొటోలను తేదీ, చోటుతో సహా జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్లు పేరు సరిచూస్తారు.