తురహళ్లి అడవిలో ఏ మొక్క ఎక్కడుందో లెక్కగట్టడం ఎలా

బెంగళూరు దక్షిణాన ఉన్న తురహళ్లిలో మొక్కలు లెక్కించేందుకు కొలతల తాడు పరిచే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. వెళ్లడానికి సెప్టెంబరు, అక్టోబరు మంచివి. ఏప్రిల్‌లో తుమ్మి, నేల ఉసిరి ఎండిపోయి, అసలు అక్కడ లేవన్నట్టే లెక్క తేలుతుంది.

50 మీటర్ల తాడును కాలిబాట నుంచి లోపలికి పరవండి. బాట వెంబడి పరిస్తే పట్టికంతా లాంటానా, వయ్యారిభామే. ఎండ, తొక్కిడి ఉన్నచోట వాటిదే రాజ్యం. ప్రతి 10 మీటర్లకు 1×1 మీటరు చదరంలో చిన్న మొక్కలు, అదే మూల నుంచి 5×5లో పొదలు చూడండి. నాలుగు తాళ్లకు 20 చదరాలు వస్తాయి. వేరు లోపల ఉంటేనే లెక్క, పక్క నుంచి వాలిన కొమ్మ పనికిరాదు. మొక్క చదరం గీత మీదే ఉంటే రెండు వైపుల గీతల మీదివి కలుపుకుని, మిగతా రెండు వైపులవి వదిలేయండి. గరికను మాత్రం మొక్కల చొప్పున లెక్కించొద్దు. ఎంత నేల కప్పిందో శాతం రాయండి.

ఇక గుర్తుపట్టడం: బలుసు పొదకు ఆకులే కాదు, ముళ్లూ ఎదురెదురుగా జంటగా ఉంటాయి. బందారు ఆకు చేతికి జిగురుగా తగులుతుంది, కాయకు పల్చటి రెక్కలుంటాయి. నేల ఉసిరి రెమ్మను తిప్పి చూడాలి, కాయలు అడుగునే ఉంటాయి.

బలుసు 20 చదరాల్లో 7 చోట్ల కనిపిస్తే 35 శాతం చదరాల్లో ఉన్నట్టు. రాతి మీదా, లోతు మట్టిలోనా అన్నది ప్రతి చదరానికీ రాయండి, లేకపోతే ఈ అంకెకు అర్థం లేదు. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు తప్పుతుంది, దూరాలకు తాడునే నమ్మండి. వయ్యారిభామను ఉత్త చేతులతో పట్టుకోవద్దు, దద్దుర్లు వస్తాయి.