ఊర్లో చిన్న యూనిట్ పెట్టాలంటే సబ్సిడీ, లోన్ ఎట్లా తెచ్చుకోవాల

అనంతపురం, కర్నూలు, కడప పల్లెల్లోంచి పిల్లోళ్ళు బెంగళూరుకు పోయి సెక్యూరిటీ డ్యూటీలు, డెలివరీ పనులు చేస్తాండారు, ఇక్కడేమో చెనిక్కాయ బస్తాలు కళ్ళంలోనే వ్యాపారికి తూకమేసి ఇచ్చేసి మళ్ళీ నూనె ప్యాకెట్లు అంగట్లో కొనుక్కుంటాండాం. ఊర్లోనే ఒక గానుగో, చిక్కీ యూనిట్టో, కొర్రలు రాగులు ఆడించే మిల్లో పడితే ఆ ఇంటికీ ఆదాయం, ఇంకో నలుగురికి పనీ దొరుకుతాది. దానికి స్కీములు నిజంగానే ఉన్నాయి. కానీ మన దగ్గర ఎవురినడిగినా ఫస్ట్ మాట ‘సబ్సిడీ ఎంతొస్తాదన్నా’ అనే, అక్కడే లెక్క తప్పుతాది. ముందు అడగాల్సింది నెలనెలా కంతు యాడినుంచి కడతాను అని.

ఎందుకంటే సబ్సిడీ చేతికి రాదు. పీఎంఈజీపీనే తీసుకోండి, కొత్త యూనిట్లకు బ్యాంకు లోన్‌తో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ స్కీమ్ ఇది, 2008 నుంచి నడుస్తాంది, తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్టు దాకా, సర్వీస్ అయితే 20 లక్షల దాకా ఇస్తారు. పల్లెలో పెడితే జనరల్ వాళ్ళకు 25 శాతం సబ్సిడీ, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఆడవాళ్ళు, దివ్యాంగులు, మాజీ సైనికులకు 35 శాతం. టౌన్‌లో అయితే 15, 25. మన చేతినుంచి పెట్టాల్సింది జనరల్‌కు 10 శాతం, మిగతా వాళ్ళకు 5 శాతం.

ఒక బీసీ అక్క ఊర్లో 10 లక్షలతో గానుగ పెడతాందనుకుందాం. ఆమె 50 వేలు పెట్టుకోవాల, బ్యాంకు 9.5 లక్షలు లోన్ ఇస్తాది, సబ్సిడీ 3.5 లక్షలు ఆమె పేరు మీద బ్యాంకులోనే డిపాజిట్‌గా 3 ఏళ్ళు కూర్చుంటాది. ఆ డిపాజిట్‌కు వడ్డీ రాదు, అంత మేరకు లోన్ మీద వడ్డీ కూడా వేయకూడదు. 3 ఏళ్ళ తర్వాత యూనిట్ నడుస్తాందా లేదా అని వచ్చి చూసి, నడుస్తాంటేనే లోన్‌లో జమ చేస్తారు. మధ్యలో మూసేస్తే సబ్సిడీ వెనక్కి పోతాది, లోన్ మాత్రం మన నెత్తిన ఉంటాది. అంటే నిజంగా మోయాల్సిన అప్పు 6 లక్షలు, 11 శాతం వడ్డీ, 5 ఏళ్ళు అనుకుంటే నెలకు 13 వేలు పైనే. ఈ 13 వేలు, కరెంటు బిల్లు, కూలి పోను ఏం మిగులుతాదో పేపర్ మీద రాసుకుని చూసినాకే ఆఫీసుల చుట్టూ తిరగండి.

ఆ లెక్క ఎట్లా వేయాలంటే, వంద కిలోల చెనిక్కాయలు ఒలిస్తే సుమారు 70 కిలోల పప్పు, లీటరు గానుగ నూనెకు రెండున్నర కిలోల పప్పు దాకా పోతాది, అంటే 28 లీటర్లు అటూ ఇటూ. నూనె తీసినాక మిగిలే చెక్క పాడి పశువులోళ్ళు కొంటారు, దాన్ని కూడా లెక్కలో వేసుకోండి. ఆ 28 లీటర్లు ఎవురు కొంటారు? మీ ఊర్లో, పక్క ఊర్లో, అనంతపురంలో ఉండే చుట్టాల అపార్ట్‌మెంట్‌లో ఎన్ని ఇళ్ళు నెలకు ఎన్ని లీటర్లు తీసుకుంటాయో పోయి అడగండి. కుదిరితే వేరేవాళ్ళ గానుగలో కూలికి ఆడించుకుని రెండు మూడు నెలలు అమ్మి చూడండి. అమ్మకం తెలిసిన మనిషి బ్యాంకు మేనేజర్ ముందు కూర్చుంటే మాటలోనే తెలిసిపోతాది.

ఇంకో పెద్ద విషయం వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకు కొని యూనిట్ తిప్పడానికి చేతిలో ఉండాల్సిన డబ్బు. నేను చూసినంతలో మూతపడిన యూనిట్లలో ఎక్కువ వాటికి మిషన్ బాగానే ఉంటాది, సరుకు కొనడానికి డబ్బులుండవు. వచ్చిన లోనంతా షెడ్డుకు, మిషన్‌కు పోస్తారు, పంట ఇంటికొచ్చి రేటు దిగినప్పుడు నాలుగు నెలల సరుకు కొని పెట్టుకోవాల్సింది, ఆ టైంలో చేతిలో రూపాయి ఉండదు, తర్వాత రేటు పెరిగినాక కొంటే నూనె గిట్టదు. అందుకే ప్రాజెక్టు రిపోర్ట్‌లోనే సరుకు డబ్బులు గట్టిగా చూపించండి. పీఎంఈజీపీలో భూమి ఖర్చు ఒప్పుకోరు గానీ షెడ్డు, మిషన్, వర్కింగ్ క్యాపిటల్ ఒప్పుకుంటారు. సొంత షెడ్డు కట్టేదానికన్నా ముందు అద్దెకు తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. కరెంటు సంగతి కూడా ముందే లైన్‌మన్‌ను అడగండి, మీ వీధిలో త్రీఫేజ్ ఉందా, ఎన్ని గంటలుంటాది అని, బోర్లకిచ్చే లైన్‌ను నమ్ముకుని మిల్లు పెట్టొద్దు.

ట్రైనింగ్‌కు ఆర్‌సెటీకి పొండి, పల్లె వాళ్ళకు సొంత పని నేర్పించడానికి బ్యాంకులు నడిపే సెంటర్ అది. ఇది 1982లో కర్ణాటక ఉజిరెలో ధర్మస్థల వాళ్ళు, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి పెట్టిన రుడ్‌సెట్ మోడల్, మన అనంతపురంలో కూడా రుడ్‌సెట్ ఉంది. ఫీజు లేదు, భోజనం వసతి వాళ్ళదే. పీఎంఈజీపీలో సబ్సిడీ రావాలంటే ఈడీపీ, అంటే వ్యాపారం ఎట్లా నడపాలో నేర్పే ట్రైనింగ్, ఎట్లాగూ అడుగుతారు, ఈ సర్టిఫికెట్ అక్కడ పనికొస్తాది, పైగా బ్యాంకులోళ్ళు నడిపేది కాబట్టి వాళ్ళతో పరిచయం కూడా అవుతాది.

కాగితాలు పెద్ద కష్టం కాదు: ఆధార్, పాన్, కుల ధ్రువీకరణ, రూరల్ ఏరియా సర్టిఫికెట్, ప్రాజెక్టు రిపోర్ట్, మిషన్ కొటేషన్లు. తయారీలో 10 లక్షలు, సర్వీస్‌లో 5 లక్షలు దాటితే 8వ తరగతి పాసై ఉండాల. కొటేషన్ జీఎస్టీ నంబర్ ఉండే కంపెనీ దగ్గరే, రెండు మూడు చోట్ల తీసుకోండి, ఎందుకంటే బ్యాంకు డబ్బులు మీకివ్వదు, నేరుగా మిషన్ కంపెనీకి వేస్తాది. ప్రాజెక్టు రిపోర్ట్ నమూనాలు ఈ స్కీమ్ నడిపే ఖాదీ కమిషన్ (కేవీఐసీ) పోర్టల్‌లోనే ఫ్రీగా ఉన్నాయి, అప్లికేషన్ కూడా అక్కడే ఆన్‌లైన్‌లో పెట్టాల, దానికి ఫీజేమీ లేదు. చిన్న యూనిట్లు గవర్నమెంటు దగ్గర పేరు నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఫ్రీనే. ‘సబ్సిడీ ఇప్పిస్తా, పర్సంటేజ్ ఇయ్యి’ అనేవాళ్ళ దగ్గరికి దయచేసి పోవద్దు, పేదోళ్ళ డబ్బులు అక్కడే పోతాండాయి, చూస్తుంటే కడుపు మండుతాది. డౌట్ ఉంటే జిల్లా పరిశ్రమల కేంద్రానికి పొండి, డీఐసీ అంటారు, స్కీముల గడువులు, రేట్లు మారుతుంటాయి కాబట్టి అప్లై చేసే ముందు ఆ రోజుకు ఏముందో అక్కడే కనుక్కోండి.

ఫైల్ బ్యాంకుకు చేరినాక ఆగిపోయేది ఎక్కువగా సిబిల్ దగ్గరే, అంటే మన పాత అప్పులు ఎట్లా కట్టినామో చూపించే రిపోర్ట్ దగ్గర. మాఫీ వస్తాదని పంట లోన్ రెన్యువల్ చేసుకోకుండా వదిలేసినవాళ్ళు, బావమరిది లోన్‌కు జామీను సంతకం పెట్టినవాళ్ళు, బైక్ ఫైనాన్స్ రెండు కంతులు ఎగ్గొట్టినవాళ్ళు, అందరూ అక్కడే దొరికిపోతారు. ఏడాదికి ఒకసారి రిపోర్ట్ ఫ్రీగా చూసుకోవచ్చు, చూసుకుని బాకీలు సర్దుకున్నాకే అప్లై చేయండి. మీకు ఏళ్ళ తరబడి ఖాతా ఉండే బ్రాంచి ఉంటే అదే పెట్టుకోండి. మన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది, ఏపీజీబీ అని పిలుచుకునేవాళ్ళు కంగారు పడొద్దు, మీ బ్రాంచిలో కనుక్కుంటే సరి. 10 లక్షల లోపు లోన్‌కు పొలం పాస్‌బుక్కు, ఇంటి పత్రాలు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు రూల్ ఉంది, అడిగితే మర్యాదగానే ఆ మాట గుర్తు చేయండి. రిజెక్ట్ చేస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి, దాన్ని తీసుకుని జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు మేనేజర్ దగ్గరికి పోవచ్చు.

ఇప్పటికే చిన్నగా పచ్చళ్ళో, చిక్కీలో, ఉల్లి ఎండబెట్టి పొడో చేస్తాంటే పీఎంఈజీపీ కుదరదు, అది కొత్త యూనిట్లకే. వాళ్ళకు పీఎంఎఫ్ఎంఈ ఉంది, 2020లో వచ్చింది, తినే సరుకులు తయారు చేసే చిన్న యూనిట్లకు కేంద్రం స్కీమ్, 35 శాతం సబ్సిడీ, ఎక్కువలో ఎక్కువ 10 లక్షలు. అందులో రిపోర్ట్ రాసిపెట్టడానికి డీఆర్‌పీ అని ఒక మనిషిని గవర్నమెంటే పెట్టింది, మీరు డబ్బులు ఇయ్యాల్సిన పని లేదు. పొదుపు సంఘం ఆడవాళ్ళు ఇట్లాంటి పని చేస్తాంటే మనిషికి 40 వేల దాకా సీడ్ క్యాపిటల్, అంటే పని మొదలుపెట్టే డబ్బు కూడా ఉంది, మీ సంఘాలు చూసే వీఓఏను, మండలంలో ఏపీఎంను అడగండి. నిజం చెప్పాలంటే లక్ష, లక్షన్నరతో మొదలయ్యే పనికి ఆడవాళ్ళకు సంఘం లోన్, స్త్రీనిధి కన్నా మంచి దారి లేదు, తాకట్టు ఉండదు, తిరుగుడు తక్కువ. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోన్‌లో సబ్సిడీ ఉండదు, శిశు 50 వేల దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. చేతివృత్తుల వాళ్ళకు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, టైలర్ ఇట్లా 18 వృత్తులకు పీఎం విశ్వకర్మ ఉంది, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది కట్టినాక 2 లక్షలు. గొర్రెలు పెంచేవాళ్ళు నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ గురించి పశువుల డాక్టర్‌ను అడగండి, అందులో 50 శాతం సబ్సిడీ ఉంది గానీ కనీసం 100 గొర్రెలు, 5 పొట్టేళ్ళు ఉండాల, మేపు లేకుండా దాని జోలికి పోవద్దు.

లోన్ వచ్చి మిషన్ బిగించినాక బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టండి, అమ్మిన డబ్బులు ఫోన్‌పే అయినా చేతికైనా ఆ ఖాతాలోనే వేయండి, స్కీమ్ పేరుతో బోర్డు పెట్టండి. వర్కింగ్ క్యాపిటల్‌కు సీసీ లిమిట్ (కావాల్సినప్పుడు తీసుకుని మళ్ళీ కట్టే లోన్ ఖాతా) ఇచ్చుంటే దాన్ని వాడుతూ తిప్పుతూ ఉండండి, 3 ఏళ్ళలో ఒక్కసారన్నా పూర్తి లిమిట్ వాడినట్టు కనపడాల, లేకపోతే సబ్సిడీలో కొంత వెనక్కి అడుగుతారు. 3 ఏళ్ళు దగ్గర పడేసరికి యూనిట్ చూడటానికి వస్తారు, ఆ తారీఖు మీరే గుర్తు పెట్టుకుని నెల ముందే బ్రాంచికి పోయి అడగండి, చూడటం అయిపోయినాక మీ సబ్సిడీ లోన్‌లో జమ అయిందో లేదో స్టేట్‌మెంట్ తీసుకుని కళ్ళారా చూసుకోండి.