ఫైర్ రేటెడ్ సీలింగ్‌లో డౌన్‌లైట్లు బిగించడం ఎలా?

ముందు ఒక సంగతి తేల్చుకోండి. మీ సీలింగ్ నిజంగా మంటను ఆపడానికి కట్టిందేనా? హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో హాల్లో, బెడ్‌రూముల్లో కనిపించే జిప్సం సీలింగ్ చాలావరకు అలంకారమే. మంట పై ఫ్లోరుకి ఎక్కకుండా ఆపేది దాని పైనున్న ఆర్‌సీసీ స్లాబు. అక్కడ మామూలు ఎల్‌ఈడీ డౌన్‌లైట్ (సీలింగ్‌కి కన్నం పెట్టి అందులో బిగించే లైటు) చాలు, ఫైర్ రేటెడ్ దానికి డబ్బులు పోసుకోనక్కర్లేదు. స్లాబు లేనిచోటా, ఇంకొన్ని చోట్లా లెక్క మారుతుంది. ఇనుప దూలాల మీద చెక్క పలకలేసి కట్టిన మెజనైన్ (మధ్యలో వేసిన అర అంతస్తు) కింద, కొన్ని ఆఫీసుల కారిడార్లలో, సర్వర్ రూముల్లో మంటను ఆపేది ఆ సీలింగే.

గుర్తుపట్టడం ఎలా? మామూలుగా ఫైర్ బోర్డు (మంటను తట్టుకునే జిప్సం బోర్డు) ముందువైపు కాగితం గులాబీ రంగులో ఉంటుంది. తేమను తట్టుకునే బోర్డు ఆకుపచ్చ. కిందవైపు పెయింట్ ఉంటుంది, వెనకవైపు కాగితానికి ఆ రంగు ఉండకపోవచ్చు కాబట్టి ఏసీ కోసం వదిలిన ట్రాప్‌డోర్ తీసి, బోర్డు వెనక దాని రకం అచ్చువేసి ఉందేమో టార్చి వేసి చూడండి. జిప్సం బరువులో దాదాపు 21 శాతం నీరే. మంట తగిలితే ఆ నీరు ఆవిరైపోయేదాకా అవతలివైపు పెద్దగా వేడెక్కదు. బోర్డు పగిలి రాలిపోకుండా లోపలి గాజు నూలు పట్టి ఉంచుతుంది. మనం మూడంగుళాల కన్నం పెట్టామంటే ఆ మేర నీరూ లేదు, నూలూ లేదు. ఆ లోటును లైటే పూడ్చాలి. చాలా ఫైర్ రేటెడ్ లైట్లలో ఒక పదార్థం ఉంటుంది. వేడి తగలగానే పూరీలా పొంగి కన్నాన్ని మూసేస్తుంది.

ట్రూప్ బజార్‌కి వెళ్లి "ఫైర్‌ప్రూఫ్ లైటుందా అన్నా?" అంటే ఉందనే చెప్తారు. అలా అడక్కండి, టెస్ట్ రిపోర్ట్ చూపించమనండి. అందులో రెండు విషయాలు చూడాలి. ఎన్ని నిమిషాలు ఆపుతుంది (30, 60, 90), ఎలాంటి సీలింగ్‌లో పెట్టి పరీక్షించారు. చెక్క దూలాల కింద రెండు పొరల బోర్డులో పాసైన లైటు, జీఐ చానల్ (బోర్డును బిగించే ఇనుప పట్టీ) మీది ఒంటి పొరలోనూ పనిచేస్తుందని నమ్మకం లేదు. డబ్బా మీద ఐపీ 65 ఉంటే ఫైర్ రేటింగ్ అనుకునేవాళ్లూ ఉన్నారు. అది దుమ్ముకీ నీటికీ సంబంధించినది. సరైన లైటు దొరక్కపోతే, మామూలు లైటు పైన కప్పే ఫైర్ హుడ్ తీసుకోవచ్చు. దానికీ రిపోర్ట్ అడగాల్సిందే.

ఇక పని. మెయిన్ ఆపితే సరిపోదు, ఇన్వర్టర్ కూడా ఆపండి. కరెంటు పోయినా లైట్ల లైను ఇన్వర్టర్ మీద బతికే ఉంటుంది. టెస్టర్ పెట్టి చూశాకే వైరు ముట్టుకోండి. వైరింగ్ చేతకాకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మీరు పక్కనుండి చూసుకోండి.

గుర్తులు పెట్టేముందు సీలింగ్ మీద చిన్న అయస్కాంతం జరపండి. స్క్రూలున్నచోట పట్టుకుంటుంది, వాటి వరసే చానల్. చానల్‌ని మాత్రం కోయొద్దు, లైటునే రెండంగుళాలు జరపండి.

కన్నానికి లైటు డబ్బా మీద రాసిన కటౌట్ (కన్నం) సైజు హోల్ సానే, అంటే డ్రిల్లుకి తగిలించి గుండ్రంగా కోసే రంపాన్నే వాడండి. కళ్లలో దుమ్ము పడకుండా రక్షణ అద్దాలు పెట్టుకుని, బోర్డు మందం దాటగానే ఆగండి. పైన ఏసీ రాగి పైపో, స్ప్రింక్లర్ పైపో ఉండొచ్చు. ఊడొచ్చిన గుండ్రటి బిళ్ళను పారేయకండి. దాని అంచు చూస్తే ఎన్ని పొరలో, ఎంత మందమో తెలిసిపోతుంది, విరిస్తే గాజు పోగులు బయటికొస్తాయి. రిపోర్ట్‌లో రాసిన సీలింగ్‌తో సరిపోలకపోతే అక్కడే ఆగిపోండి.

మాదాపూర్‌లో మా బావమరిది ఆఫీసు మెజనైన్ కింద మూడంగుళాల లైటుకి నాలుగంగుళాల కన్నం కొట్టారు. చుట్టూ న్యూస్‌పేపర్ కుక్కి పైన పుట్టీ రాశారు. కింద నుంచి చూస్తే అద్దంలా ఉంది! కన్నం పెద్దదైతే పుట్టీ, ఫోమ్, మామూలు సిలికాన్ ఏవీ పనికిరావు. ఆ చోట బోర్డును చానళ్ల దాకా కోసి తీసి, అదే రకం, అదే మందం బోర్డు అన్ని పొరలకూ స్క్రూలతో బిగించి, జాయింట్లు నింపి, మళ్లీ సరైన కన్నం పెట్టాలి. మేం అదే చేశాం, రెండు రోజులు పట్టింది.

వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ (మంట తొందరగా పాకని, పొగ తక్కువ వచ్చే) రకం తీసుకోండి. టేపు చుట్టిన జాయింట్లు సీలింగ్‌లో వేలాడకూడదు, కనెక్టర్‌తో కలిపి మూతున్న బాక్సులో పెట్టాలి. తర్వాత స్ప్రింగులు పైకి మడిచి లైటును నెట్టండి. రింగు చుట్టూ బోర్డుకి ఆనాలి, ఎక్కడా సందు కనిపించకూడదు. పైన రాక్‌వూల్ (వేడి, శబ్దం ఆపే రాతి పీచు పరుపు) ఉంటే, కంపెనీ కప్పొచ్చని రాస్తేనే లైటు మీద కప్పండి. లేకపోతే వాళ్లు చెప్పినంత ఖాళీ వదలండి, డ్రైవర్ (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే చిన్న డబ్బా) చుట్టూ కూడా.

గంటసేపు వెలిగించి చూసి, బిళ్ళ వెనక లైటు మోడల్, తేదీ రాసి ఎంసీబీ బాక్సు పక్కనే దాచండి. రేపు లైటు పోతే, వచ్చిన కుర్రాడు మామూలుది బిగించకుండా అదే తెస్తాడు.