రక్తం ఎక్కించేటప్పుడు వికటిస్తే
రక్తం మొదలుపెట్టిన తొలి 15 నిమిషాలు నర్సు రోగి పక్కనే ఉండి గమనించాలి. చలి, వణుకు, ముందున్నదానికంటే 1 డిగ్రీ సెల్సియస్ పెరిగిన జ్వరం, నడుమునొప్పి, ఆయాసం, ఎర్రటి మూత్రం, బీపీ పడిపోవడం వంటివాటిలో ఏది కనిపించినా, వైద్యుని రాక కోసం ఎదురుచూడకుండా వెంటనే రక్తాన్ని ఆపి, నరంలోని సూదిని మాత్రం తీయకుండా, సెట్టు (సంచి నుంచి సూదికి రక్తం వచ్చే గొట్టం) మార్చి సెలైన్ పెట్టాలి. వైద్యునికి కబురు అప్పుడే వెళ్లాలి. తరువాత రోగి పేరు, చేతిపట్టీ, సంచిపై చీటీ మళ్లీ సరిచూడాలి. ఇది లాంఛనం కాదు. గ్రూపు సరిపడని రక్తం ఎక్కడానికి ముఖ్యకారణం ఒకరి సంచి మరొకరికి పెట్టడమే. మిగిలిన సంచిని పారవేయకుండా, కొత్తగా తీసిన రక్త నమూనాలతో బ్లడ్ బ్యాంకుకు పంపాలి. దద్దుర్లు మాత్రమే వస్తే, మందు ఇచ్చి, అవి తగ్గాక వైద్యుని అనుమతితో నెమ్మదిగా కొనసాగించవచ్చు.