విశాఖలో ఎగుమతికి గోడౌన్ వెతుకుతున్నారా?

అద్దె సంగతి తర్వాత, ముందు వీధి చూడండి. కారం, పసుపు విదేశాలకు పంపేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వాళ్లు డ్రైనేజీకనీ, మంచినీటి పైపులకనీ రోడ్లు తవ్వుతుంటారు. ఊరికి అవసరమే, కాదనను. కానీ తవ్విన వీధిలోకి 40 అడుగుల కంటైనర్ ట్రైలర్ రాదు. మీ వీధికి ఏ పని మంజూరైందో వార్డు సచివాలయంలో అడగండి. మలుపు దగ్గర కరెంటు స్తంభం ఉందా, తీగలు కిందికి వేలాడుతున్నాయా చూసుకోండి. డ్రైవర్లు మొదట చూసేది అదే. షీలానగర్ వైపైతే పోర్టు రోడ్డు మీదుగా పోర్టు దగ్గరున్న కాన్వెంట్ జంక్షన్‌కి వెళ్లిపోవచ్చు. అద్దె కాస్త ఎక్కువైనా నా ఓటు అటే.

ఇక కాగితాలు. జీవీఎంసీ ట్రేడ్ లైసెన్స్, మసాలా సరుకైతే స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. డీజీఎఫ్‌టీ (కేంద్ర విదేశీ వాణిజ్య శాఖ) సైట్‌లో పాన్ మీద ఐఈసీ, అంటే ఎగుమతి–దిగుమతుల కోడ్ తీసుకోండి, ఫీజు 500 రూపాయలు. వివరాలేమీ మారకపోయినా ఏటా ఏప్రిల్–జూన్ మధ్య దాన్ని కన్‌ఫర్మ్ చేయాలి, లేదంటే డీయాక్టివేట్ చేస్తారు. విదేశీ చెల్లింపులు చూసే మీ బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ని సరుకు లోడ్ చేసే రోజు దాకా ఆగకుండా ముందే కస్టమ్స్ వాళ్ల సైట్ ఐస్‌గేట్‌లో రిజిస్టర్ చేయించండి. అది లేకపోతే షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌లో వేసే పత్రం) ముందుకు కదలదు, ఆ టెన్షన్ మీకెందుకు?