కాలేజీలో సూపర్ కంప్యూటింగ్ నేర్పాలంటే: ఒక్క కోర్ నుంచి క్లస్టర్ దాకా

డిగ్రీ, బీటెక్ పిల్లలకు హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ (పెద్ద లెక్కను చాలా ప్రాసెసర్లకు పంచి త్వరగా చేయడం) నేర్పుదామనుకోగానే చాలా కాలేజీల్లో ముందు కదిలేది కొనుగోళ్ల ఫైలు. కొటేషన్లు వస్తాయి, జీపీయూ (ఒకేసారి వేల లెక్కలు చేసే చిప్పు) ఉన్న సర్వర్ వస్తుంది, దాని మీద నడిపే లెక్క మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. కొనడం చివర్లో చూసుకోండి. ల్యాబులో ఇప్పటికే ఉన్న పీసీలో, ప్రాసెసర్‌లో లెక్క చేసే భాగాల్లో ఒకటైన ఒక్క కోర్‌ని పూర్తిగా పనిచేయించడం, పట్టిన సమయాన్ని సరిగ్గా కొలవడం ముందు రావాలి. అది కూడా మొదట అధ్యాపకులకు రావాలి.

ముందు అధ్యాపకులు

పిల్లల క్లాసులకు కనీసం నెల ముందే అధ్యాపకుల శిక్షణ మొదలుపెట్టండి. తిరుపతిలో అయితే బ్రహ్మోత్సవాల వారాన్ని, ఇంటర్నల్ పరీక్షల వారాన్ని తీసేసి తేదీలు వేసుకోండి. కంప్యూటర్ సైన్స్ వాళ్లతో సరిపెట్టకుండా ఫిజిక్స్, గణితం, సివిల్ నుంచీ ఇద్దరేసి రావాలి. ఒక్కరే అయితే ఆయన సెలవు పెట్టిన రోజున కోర్సు ఆగిపోతుంది. ప్రతి జంటా తమ సబ్జెక్టులో పీసీ మీద గంట పైన పట్టే లెక్క ఒకటి తేవాలి. సొంత లెక్క లేనివాళ్లకు ఈ శిక్షణ వారం తిరక్కుండానే మరుపున పడుతుంది.

తిరుపతి ప్రాంతంలో ఉదాహరణకు వాతావరణం ఉండనే ఉంది. గాదంకిలో ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) వాళ్ల 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉంది, పై వాతావరణపు పొరలను కొలుస్తుంది. 2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలు అందరికీ గుర్తే. శేషాచలం చుట్టూ 300 కిలోమీటర్ల చదరాన్ని 3 కిలోమీటర్ల గడులుగా కోస్తే పదివేల గడులు. ఎత్తులో 40 పొరలు తీసుకుంటే 4 లక్షల బిందువులు. కొండ వాలు ఇంకా స్పష్టంగా కనిపించాలని గడిని 1 కిలోమీటరుకు తగ్గిస్తే బిందువులు 36 లక్షలవుతాయి. అంతటితో అయిపోదు. వాతావరణాన్ని అంచనా వేసే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్‌లో ఒక్కో అడుగు కాల అంతరం గడి కిలోమీటరుకు సుమారు 6 సెకన్ల చొప్పున పెట్టడం వాడుక. 18 సెకన్లు 6 అవుతుంది, ఒక రోజు లెక్కకు 4,800 అడుగులు 14,400 అవుతాయి. మొత్తం పని 27 రెట్లు. పెద్ద మెషిన్ ఎందుకో చెప్పడానికి ఈ గుణకారం చాలు.

ఒక్క కోర్

ఉబుంటు (లినక్స్), జీసీసీ (సీ కంపైలర్) ఉంటే చాలు. సీ భాషలో 2000 × 2000 మ్యాట్రిక్స్ గుణకారం రాయించండి. మూడు మ్యాట్రిక్స్‌లూ డబుల్‌లో (అంకెకు 8 బైట్లు) కలిపి 96 మెగాబైట్లు. ఏ ల్యాబ్ పీసీకైనా భారం కాదు. గుణకారాలు, కూడికలు కలిపి 1,600 కోట్లు. దాన్ని పట్టిన సెకన్లతోనూ, వంద కోట్లతోనూ భాగిస్తే గిగాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని వంద కోట్ల లెక్కలో) వస్తుంది. ఈ అంకెను ప్రతి విద్యార్థీ నోట్సులో రాసుకోవాలి, ఇకపై ప్రతి మార్పునూ దీంతోనే పోల్చాలి.

తర్వాత లూపుల వరుస మార్చమనండి. ఐ-జె-కె (ఐ అడ్డవరుస, జె నిలువు వరుస, కె కూడికకు) వరుసలో లోపలి లూప్ రెండో మ్యాట్రిక్స్‌లో నిలువుగా దిగుతుంది. సీ భాష అడ్డవరుసల ప్రకారం దాచుతుంది కనుక ప్రతి అడుగూ 16,000 బైట్ల దూరం దూకుతుంది. ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కసారికి 64 బైట్ల ముక్క తెస్తే అందులో 8 బైట్లే వాడుకుని మిగతాది వదిలేస్తాం. ఐ-కె-జె చేస్తే ఆ 64 బైట్లూ వరసగా పనికొస్తాయి. కూడికల సంఖ్య ఒకటే అయినా సమయం కొన్ని రెట్లు తగ్గుతుంది. ఫోర్ట్రాన్ నిలువు వరుసల ప్రకారం దాచుతుంది కాబట్టి అక్కడ లెక్క తలకిందులు. ఈ ప్రయోగానికి రెండు పూటలు కేటాయించినా ఎక్కువేమీ కాదు.

కొలతలో మోసపోయే చోట్లు రెండున్నాయి. జవాబును ఎక్కడా ముద్రించకపోతే, ఓ2 (వేగం పెంచమనే ఆప్షన్) పెట్టిన కంపైలర్ ఎవరికీ అక్కర్లేని లూప్ అనుకుని మొత్తం ఎత్తేస్తుంది, సమయం సున్నా వస్తుంది. పిల్లలు మురిసిపోతారు. అందుకని కనీసం ఒక మూలకాన్ని ముద్రించాలి. రెండోది ఎండ. మే నెలలో ఏసీ లేని ల్యాబులో వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. మొదటి రన్ కన్నా ఐదోది నెమ్మదిస్తుంది. ఐదుసార్లు నడిపి మధ్య విలువ తీసుకోండి, హీట్‌సింక్ దుమ్ము ముందే దులపండి.

ఒక పీసీలో అన్ని కోర్లు

లూప్ పనిని కోర్లకు పంచే ఓపెన్ఎంపీకి ఒక వారం సరిపోతుంది. లూప్‌లో మొత్తాన్ని కూడే చలరాశికి రిడక్షన్ (ఒక్కో కోర్ విడిగా కూడి చివర్లో కలిపే ఏర్పాటు) పెట్టకుండా నడిపించి, ప్రతిసారీ వేరే జవాబు రావడం చూపించండి. రిడక్షన్ పెట్టాక కూడా చివరి అంకెల్లో చిన్న తేడా మిగులుతుంది. అది తప్పు కాదు. దశాంశాల కూడిక క్రమం మారితే రౌండింగ్ (చివరి అంకెల సర్దుబాటు) మారుతుంది. ఆమ్డాల్ సూత్రాన్నీ ఇక్కడే చెప్పండి: 5 శాతం పని పంచలేనిదైతే 8 కోర్ల మీద వేగం 5.9 రెట్లే, ఎన్ని కోర్లు పెట్టినా 20 రెట్లు దాటదు.

నాలుగు పీసీల క్లస్టర్

నాలుగు ఒకేరకం పీసీలు, ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్, క్యాట్-6 కేబుళ్లు, యూపీఎస్ చాలు. క్లస్టర్‌లో ఒక్కో పీసీ ఒక నోడ్; ఒక పీసీని హెడ్ నోడ్ (మిగతావాటికి పెద్ద) చేసి, కాలేజీ నెట్‌వర్క్‌కు దాన్నొక్కదాన్నే రెండో నెట్‌వర్క్ కార్డుతో కలపండి. హోం డైరెక్టరీని ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) ద్వారా అందరికీ పంచాలి, పాస్‌వర్డ్ అడగకుండా ఎస్ఎస్‌హెచ్ తాళాలు పెట్టాలి, నోడ్ల మధ్య సందేశాలు పంపే ఓపెన్ ఎంపీఐ అన్నిట్లో ఒకే వెర్షన్ ఉండాలి, ఆపైన జాబులను వరుసలో పెట్టి నడిపే స్లర్మ్. సక్రమంగా సాగితే రెండు రోజుల పని. సాగకపోవడానికి కారణాలు మాత్రం ఎప్పుడూ ఇవే:

ఉబుంటు హోస్ట్స్ ఫైల్లో మెషిన్ పేరు పక్కన 127.0.1.1 అని ఉంటుంది. పక్క నోడ్‌ని వెతకబోయి ఎంపీఐ తన దగ్గరే తిరుగుతుంది. ఆ వరుస తీసేసి నాలుగు మెషిన్ల అసలు చిరునామాలు రాయండి.

విద్యార్థి ఖాతాను ఒక్కో మెషిన్‌లో విడివిడిగా తెరిస్తే యూజర్ నంబర్లు వేరవుతాయి. అప్పుడు ఎన్ఎఫ్ఎస్ మీద సొంత ఫైలే తెరుచుకోదు. నంబరు మీరే ఇచ్చి ఖాతాలు తెరవండి.

పాత పీసీల్లో మదర్‌బోర్డు మీది సీమాస్ బ్యాటరీ అయిపోయి గడియారం వెనక్కి పోతుంది. స్లర్మ్ నమ్ముకునే గుర్తింపు సాఫ్ట్‌వేర్ మంజ్, 5 నిమిషాలకు పైగా తేడా ఉంటే గుర్తింపును తిరస్కరిస్తుంది. నోడ్ డౌన్ అని కనిపిస్తుంది తప్ప కారణం లాగ్‌లో వెతికితే గానీ తెలియదు. బ్యాటరీ మార్చి, గడియారాలు సరిచేసే క్రోనీతో హెడ్ నోడ్ సమయానికి అన్నిటినీ కట్టేయండి.

కేబుల్‌లో నాలుగు జతల తీగలూ బాగుంటేనే గిగాబిట్. ఒకటి తెగితే చప్పుడు లేకుండా 100 మెగాబిట్‌కు దిగిపోతుంది. ఈథ్‌టూల్ కమాండ్‌తో ప్రతి పోర్టు వేగమూ చూడండి.

ఎంపీఐ

పలక మీద వేడి పాకే లెక్క పెట్టండి. 1000 × 1000 గడుల పలకను నాలుగు పట్టీలుగా కోసి నోడ్‌కొకటి ఇచ్చి, అంచు వరుసలను ఇరుగుపొరుగు నోడ్లకు పంపించాలి. తర్వాత కావాలనే 100 × 100కు తగ్గించండి. నాలుగు మెషిన్లూ కలిసి ఒక్క మెషిన్ కన్నా ఆలస్యం చేస్తాయి: గిగాబిట్ తీగ మీద ఒక సందేశం చేరడానికే పదుల మైక్రోసెకన్లు పడుతుంది, ఆ లోపు ఒక్క కోర్ పలకంతా ముగించేస్తుంది. పెద్ద సూపర్ కంప్యూటర్లలో ఇన్ఫినీబ్యాండ్ అనే వేగవంతమైన నెట్‌వర్క్ పెట్టేది ఇందుకే. దాని మీద ఆ ఆలస్యం 1-2 మైక్రోసెకన్లే.

వరుసకు 10,000 గడులు పెట్టగానే కొందరి ప్రోగ్రాం కదలకుండా నిలిచిపోతుంది. పక్కపక్క నోడ్లు రెండూ ముందు సెండ్ పిలిచి, ఎదుటిది అందుకోవాలని కాచుక్కూర్చుంటాయి. ఓపెన్ ఎంపీఐ టీసీపీ మీద మామూలుగా 64 కిలోబైట్ల లోపు సందేశాన్ని ఎదుటి నోడ్ కోసం ఆగకుండా పంపేస్తుంది, కాబట్టి 1000 గడుల, అంటే 8 కిలోబైట్ల వరుసతో తప్పు బయటపడలేదు. 80 కిలోబైట్లకు పడింది. పంపడం, అందుకోవడం కలిపి చేసే సెండ్‌రిసీవ్ వాడితే సరిపోతుంది. చిన్న సైజులో పనిచేసింది కదా అని మార్కులు వేయకండి.

పెద్ద మెషిన్ అడిగే ముందు

2015లో మొదలైన జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ కింద దేశంలో చాలాచోట్ల పరమ్ సూపర్ కంప్యూటర్లు వచ్చాయి. బెంగళూరు ఐఐఎస్‌సీలో 2022లో పెట్టిన పరమ్ ప్రవేగ సామర్థ్యం 3.3 పెటాఫ్లాప్స్ (33 లక్షల గిగాఫ్లాప్స్). ఇలాంటి చోట సమయం అడిగే దరఖాస్తులో మీ నాలుగు పీసీల మీద 1, 2, 4 నోడ్లకు పట్టిన సమయాల పట్టిక జతచేయండి. కోర్-గంటల లెక్క కూడా దాని నుంచే రాయాలి: 32 కోర్లు 6 గంటలంటే 192.

ఖాతా వచ్చాక లాగిన్ నోడ్ మీద లెక్క నడపకూడదు, అది అందరూ ఫైళ్లు దిద్దుకునే చోటు. జాబ్‌కు అడిగే సమయం మీరు కొలిచిన దానికి పావు వంతు ఎక్కువ ఉంటే చాలు. మరీ ఎక్కువ అడిగితే క్యూలో వెనకబడతారు, తక్కువ అడిగితే ముగియకముందే స్లర్మ్ చంపేస్తుంది. అరగంటకోసారి స్థితిని ఫైల్లో దాచే ఏర్పాటు ప్రోగ్రాంలో ఉండాలి. స్క్రాచ్ (తాత్కాలిక) డైరెక్టరీలోని ఫైళ్లను చాలా కేంద్రాలు గడువు దాటాక తుడిచేస్తాయి కాబట్టి ఫలితాలను జాబ్ ముగిసిన రోజే దించుకోండి.